హైదరాబాద్ బండల నుంచి తిరుమల కొండ దాకా: ప్రీకేంబ్రియన్ దారిలో

మొదటి రోజు: హైదరాబాద్ – కర్నూలు

భూమి వయసు సుమారు 460 కోట్ల ఏళ్లు. అందులో మొదటి 406 కోట్ల ఏళ్లను కలిపి ప్రీకేంబ్రియన్ అంటారు. అంటే భూమి చరిత్రలో ఎనిమిది పాళ్లలో ఏడు పాళ్లు అదే. చేపలు, చెట్లు, డైనోసార్లు, మనుషులు, మనం బళ్లో చదువుకున్న జీవచరిత్రలో దాదాపు అంతా మిగిలిన ఒక్క పాలులో సర్దుకుంటుంది. ఆ ఏడు పాళ్లు ఎలా ఉండేవో చూడాలంటే ఏ ఆస్ట్రేలియాకో, గ్రీన్‌లాండ్‌కో పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో కారెక్కి రాయలసీమ మీదుగా తిరుపతి వెళ్తే చాలు. దారి పొడవునా ఉన్నవి ఆ కాలపు రాళ్లే.

నాతో వచ్చింది నా చిన్ననాటి స్నేహితుడు. సీమలో ఒక డిగ్రీ కాలేజీలో జియాలజీ చెబుతాడు. వాడు లేకపోతే ఈ యాత్ర నాకు గుళ్లు, కోటలు చూసిన యాత్రలాగే మిగిలేది.

పొద్దున్నే ఖాజాగూడ గుట్టల దగ్గర ఆగాం. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ బండలను ఎవరో దొర్లించి తెచ్చి పెట్టారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అవి ఎక్కడినుంచీ రాలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట నేల అడుగున కిలోమీటర్ల లోతులో కరిగిన రాయి మెల్లగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న నేలంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక ఇది బయటపడింది. రాయిలో నిలువుగా, అడ్డంగా ఉన్న పగుళ్లలోకి నీళ్లు దిగి, మూలలు ముందు అరిగి, మధ్య భాగం గుండ్రంగా మిగిలింది. ఒక బండ మీద చెయ్యి వేసి చూశాను. గులాబీ రంగు ఫెల్‌స్పార్ పలుకులు వేలి గోరంత ఉన్నాయి. రాయి నిదానంగా చల్లారితేనే పలుకులు ఇంత పెద్దవి అవుతాయట. అగ్నిపర్వతం నుంచి పైకి వచ్చి గబగబా చల్లారిన రాయిలో అవి కంటికి కనపడవు.

ఈ నగరంలో బండలను కాపాడాలని 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ పనిచేస్తోంది. అయినా గచ్చిబౌలి వైపు వెళ్తే ప్రతి ఏడాదీ ఒక గుట్ట తగ్గుతూనే ఉంది. నాకు ఇది నిజంగా బాధ. చెరువును పూడిస్తే మళ్లీ తవ్వుకోవచ్చేమో గానీ, గుట్టను పేల్చేస్తే తిరిగి తెచ్చుకునే దారే లేదు.

మధ్యాహ్నం బయల్దేరి జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలు చేరాం. దారంతా అవే గుట్టలు. చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు.

రెండో రోజు: బేతంచెర్ల – బనగానపల్లె – బెలుం

కర్నూలు దాటాక నేల తీరు మారిపోయింది. గుండ్రటి బండలు పోయి, పైన చదునుగా ఉండే పొరల కొండలు మొదలయ్యాయి. మావాడు కారు పక్కకు ఆపించి, "ఇక్కడి నుంచి కడప బేసిన్" అన్నాడు.

ఈ బేసిన్ నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున ఇసుక, బురద, సున్నం పేరుకుని గట్టిపడిన రాళ్లే ఇవి. 1872లో విలియం కింగ్ అనే భూవిజ్ఞాని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున ఈ రాళ్ల గురించి పెద్ద నివేదిక రాశాడు. ఇక్కడి రాతిపొరలకు ఊళ్ల పేర్లే స్థిరపడ్డాయి: బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ఆర్టీసీ బస్సు బోర్డుల మీద చదివే పేర్లన్నీ జియాలజీ పటంలోనూ ఉన్నాయి. మా వైపు పిల్లలకు ఈ సంగతి బళ్లో ఒక్క పీరియడ్‌లోనైనా చెబితే బాగుండు.

మేం పైనుంచి మొదలుపెట్టాం. కర్నూలు వర్గం రాళ్లు ఈ బేసిన్‌లో అన్నిటికన్నా పై పొర, అంటే వయసులో చిన్నవి. రోజులు గడిచేకొద్దీ కింది పొరలకు, పాత కాలానికి పోవాలని మావాడి ప్లాన్.

బేతంచెర్లలో నాపరాయి గనులు చూశాం. సీమలో ఇల్లు అంటే నాపరాళ్లే. నేల పరుపు, మెట్లు, అరుగు, అటక, వంటింట్లో గట్టు, కొన్ని ఊళ్లలో పైకప్పు కూడా. నేను పుట్టిన ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బండల మీద నీళ్లు చల్లి పడుకునేవాళ్లం. ఒక గనిలో పెద్దాయన ఒకరు ఉలి పెట్టి సుత్తితో వరసగా కొట్టుకుంటూ పోతున్నాడు. అంచంతా ఒక చుట్టు అయ్యాక గడారి దూర్చి ఎత్తితే, రెండంగుళాల మందం బండ మొత్తం ఒక్కసారిగా లేచి వచ్చింది.

"ఎవురు సామీ మీరు? సర్వేవోళ్లా?" అని అడిగాడు.

"కాదు పెద్దాయనా, రాళ్లు చూద్దామని వచ్చినాం."

"రాళ్లల్లో ఏముంది చూసేదానికి?"

మావాడు ఆయన పక్కన కూర్చుని, అది సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద అని, ఆయన ఉలి పెట్టిన ఆ సందు ఒక పొర పేరుకోవడం ఆగి ఇంకో పొర మొదలైన చోటని చెప్పాడు. ఆయన కాసేపు బండ అంచును బొటనవేలితో తడిమి చూసి, "అందుకేనా ఈడ్నే ఇడుస్తాది" అన్నాడు. యాభై ఏళ్లుగా ఆయన చేతికి తెలిసిన సంగతే అది.

అప్పుడే ఎత్తిన ఆ బండను నేను దగ్గరగా, చాలాసేపు చూశాను. ఎక్కడా ఒక్క గవ్వ లేదు, ఆల్చిప్ప ముక్క లేదు. తమిళనాడులో అరియలూరు సున్నపురాయి చూసినవాళ్లకు ఇందులో ఉన్న వింత తెలుస్తుంది. అది కూడా సముద్రపు సున్నపురాయే, కానీ డైనోసార్ల కాలం నాటిది కాబట్టి గవ్వలు, నత్తలు కుప్పలుగా ఉంటాయి. బేతంచెర్ల రాయి పేరుకునే నాటికి ప్రపంచంలో ఎక్కడా గవ్వ అనేదే పుట్టలేదు. చేప లేదు, నాచు మేసే పురుగు లేదు. ఏమీ లేకపోవడమే ఈ రాయి వయసుకు గుర్తు.

బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో, జ్వాలాపురం వైపు, తెల్లటి బూడిద పొర ఉంది. 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చిన బూడిద అది. ఆ పొర కింద కూడా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. మామూలుగా అయితే అది చూడటానికే ఒక రోజు కేటాయించేవాణ్ణి. ఈసారి 74 వేలు నాకు నిన్నా మొన్నలా అనిపించింది.

సాయంత్రం బెలుం గుహలు. వీటిని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించి రాశాడు. 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. పర్యాటక శాఖ దీపాలు, దారులు వేసి 2002లో జనానికి తెరిచింది. మెట్లు దిగి లోపలికి వెళ్లగానే ఉక్క పట్టుకుంటుంది, చొక్కా తడిసిపోతుంది. పాతాళగంగ దగ్గర 46 మీటర్ల లోతుకు వెళ్తాం. మిగతా వాళ్లు కోటిలింగాలు, సింహద్వారం అని గైడ్ చూపించినవి ఫొటోలు తీసుకుంటుంటే మేం గోడలు చూస్తూ ఉండిపోయాం. పొద్దున పెద్దాయన ఎత్తిన ఆ పొరలే ఇక్కడ గోడ నిండా, సన్నగా, ఒకదాని మీద ఒకటి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం పులిసిన వాననీరు, పగుళ్లలోకి దిగి, సున్నాన్ని కరిగించి ఈ దారులు చేసింది. గుహ వయసు వేరు, రాయి వయసు వేరు. రాయితో పోలిస్తే గుహ చాలా కొత్తది.

రాత్రికి తాడిపత్రి.

మూడో రోజు: గండికోట

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుణ్ణి చూసుకుని జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాం. కార్తీకం చివరి రోజులు కావడంతో జనం బాగానే ఉన్నారు. పెన్నలో నీళ్లూ నిండుగా ఉన్నాయి.

ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన లోయ ఇది. అంచున నిలబడి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. ఎదుటి గోడ మీద ఎర్రటి రాతి పలకలు అడ్డంగా, సున్నం వేసి పేర్చిన గోడంత తీరుగా ఉన్నాయి. ఇది గండికోట క్వార్ట్‌జైట్. ఇసుక గట్టిపడి ఇసుకరాయి అయి, ఇసుక రేణువుల మధ్య మళ్లీ సిలికా నిండి, సుత్తి పెట్టి కొడితే నిప్పురవ్వలు వచ్చేంత గట్టి రాయి అయింది. అందుకే కోటకు వేరే రాయి తేవాల్సిన పని పడలేదు. జుమ్మా మసీదు, మాధవరాయ గుడి, ధాన్యాగారం మధ్య నడుస్తుంటే కాలి కిందా, పక్క గోడలోనూ అదే రాయి.

మసీదు వెనక నుంచి లోయ అంచుకు పోయే బాటలో మావాడు వంగి ఒక పలకను చూపించాడు. దాని మీద సన్నటి గట్లు, వాటి మధ్య పల్లాలు, వరసగా ఉన్నాయి. గట్టుకు గట్టుకు మధ్య నా రెండు వేళ్లు పట్టాయి. నెల్లూరు కోడూరు బీచ్‌లో అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే అలల గుర్తులే అవి. ఒక సాయంత్రమో, ఒక పొద్దునో లోతు తక్కువ నీళ్లు ఈ ఇసుక మీద కదిలాయి. దాని మీద ఇంకో పొర వచ్చి కప్పేసింది. గట్ల వాలు చూసి నీళ్లు ఎటు నుంచి ఎటు పారాయో కూడా మావాడు చెప్పాడు: ఒక వైపు నిదానంగా లేచి, రెండో వైపు నిట్టనిలువుగా పడిపోతే, పడిపోయిన వైపుకు పారినట్టు. ఎన్నో కోట్ల ఏళ్ల నాటి నీళ్లు ఏ దిక్కుకు పారాయో వేళ్లతో తడిమి తెలుసుకున్నాక, కోటలో ఇంకేం చూశానో నాకు సరిగ్గా గుర్తు లేదు.

ఆ రోజుల్లో భూమి ఇప్పటికన్నా వేగంగా తిరిగేది. రోజుకు 24 గంటలు ఉండేవి కావు. చంద్రుడు కాస్త దగ్గరగా ఉండేవాడు. ఆ తీరంలో నిలబడితే గడ్డి కనపడదు, పక్షి అరవదు. అలల చప్పుడు, గాలి చప్పుడు మాత్రమే. మన ఊపిరికి చాలినంత ఆక్సిజన్ కూడా గాలిలో ఉండేది కాదు.

నాలుగో రోజు: పులివెందుల – వేంపల్లె – గండి

ఈ యాత్ర మొత్తంలో నేను ఎదురుచూసిన రోజు ఇదే. ముద్దనూరు మీదుగా పులివెందుల వచ్చాం. ఇక్కడ పొరల రాళ్ల మధ్యలోకి నల్లటి డోలరైట్, కింది నుంచి కరిగిన రాయిగా చొచ్చుకువచ్చి, అడ్డంగా పరుచుకుంది. దాని వయసును శాస్త్రవేత్తలు సుమారు 188 కోట్ల ఏళ్లుగా లెక్కగట్టారు. ఈ అంకె చాలా విలువైనది. పొరల రాళ్ల వయసు నేరుగా కొలవడం కష్టం. వాటిని చీల్చుకుంటూ వచ్చిన రాయి వయసు తెలిస్తే, చీలినవి అంతకన్నా పాతవని ఖాయంగా చెప్పొచ్చు. ఆ డోలరైట్ వేడికి పక్కనున్న డోలమైట్ అనే సున్నపురాయి లాంటి రాయి మారిపోయిన చోట రాతినార (ఆస్‌బెస్టాస్) పుట్టింది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల గనులు తవ్వి దాన్ని తీసేవాళ్లు. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది కూడా ఈ వేంపల్లె డోలమైట్‌లోనే.

వేంపల్లె దాటి ఒక శనగ చేను గట్టు దగ్గర ఆగాం. రైతు పొలంలో ఏరిన రాళ్లన్నీ గట్టు మీద పేర్చాడు. మావాడు సీసాలో నీళ్లు ఒక రాయి మీద పోశాడు. ఎండలో బూడిద రంగులో ఉన్న రాయి మీద తడి తగలగానే ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు చుట్లు చుట్లుగా గీతలు తేలాయి. ఒక గోపురం, పక్కన ఇంకోటి, వాటి మధ్య సందులో కిందికి వంగిన గీతలు.

ఇవి స్ట్రోమటోలైట్లు. లోతు తక్కువ, ఎండ పడే నీళ్లలో సయానోబాక్టీరియా అనే, కంటికి కనపడనంత చిన్న జీవులు జిగట పొరగా పెరిగేవి. నీళ్లలోని సన్నటి సున్నపు బురద ఆ జిగటకు అంటుకునేది. ఎండ అందక బాక్టీరియా ఆ బురదను దాటి పైకి పాకి మళ్లీ పొర కట్టేది. మళ్లీ బురద, మళ్లీ పొర. గోరుతో గీస్తే ఒక్కో గీత మందం మిల్లీమీటరు కూడా లేదు. రాయి మీద ఉన్నది ఆ జీవుల శరీరం కాదు, అవి కట్టుకుంటూ పోయిన ఇల్లు.

మనం పీలుస్తున్న గాలి మొదలైంది ఇలాంటి వాటితోనే. భూమి పుట్టిన తర్వాత దాదాపు సగం కాలం గాలిలో ఆక్సిజన్ లేనే లేదు. సయానోబాక్టీరియా ఎండను, నీటిని వాడుకుని ఆక్సిజన్ వదిలేవి. మొదట్లో ఆ ఆక్సిజన్ సముద్రంలో కరిగి ఉన్న ఇనుముతో కలిసి తుప్పుగా అడుగుకు చేరింది. ప్రపంచంలోని పెద్ద పెద్ద ఇనుప ఖనిజాల నిల్వలు చాలా వరకు అలా ఏర్పడినవే. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట నుంచి గాలిలోకి రావడం మొదలైంది. వేంపల్లె గోపురాలు ఆ తర్వాతివి. అవి పెరుగుతున్న కాలానికి ఈ పని ఇంకా పూర్తి కాలేదు. జంతువు ఊపిరి పీల్చడానికి ఇంకా వంద కోట్ల ఏళ్లకు పైగా ఆగాలి.

రైతు వచ్చాడు. ఏం చూస్తున్నారని అడిగి, చెప్పింది విని, "ఈ రాళ్లు మా చేనులో బోలెడు అన్నా. క్రషర్‌కు తోలుతాం" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. అది ఏమిటో ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కానీ నా గుండె కలుక్కుమంది. ఫొటోలు తీసి, ఆ చోటు ఎక్కడుందో ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నాం.

సాయంత్రం గండి క్షేత్రం. వీరాంజనేయ స్వామిని దర్శించుకుని పాపఘ్ని ఒడ్డున నిలబడ్డాం. నది కొండను రెండుగా కోసుకుని బయటికి వస్తున్న చోటు ఇది. రెండు పక్కలా ఉన్నది గులిచెరు క్వార్ట్‌జైట్, బేసిన్ మొత్తానికి అట్టడుగు పొర. గువ్వలచెరువు పేరే అలా పటంలోకి ఎక్కింది. ఈ పొర కింద ఇంక పొరలు లేవు. ఉన్నదల్లా హైదరాబాద్‌లో చూసిన లాంటి గ్రానైటే.

ఐదో రోజు: గువ్వలచెరువు – మంగంపేట – తిరుపతి

పొద్దున కడప నుంచి గువ్వలచెరువు వెళ్లి పాలకోవా తిని, ఘాట్ రోడ్డులో క్వార్ట్‌జైట్ గోడలు చూసి వెనక్కి వచ్చాం. లారీల రద్దీ వల్ల ఎక్కడా దిగి నిలబడే వీలు లేదు.

ఒంటిమిట్ట, రాజంపేట మీదుగా మంగంపేట. ముగ్గురాయి అని మనం అనే బెరైటీస్ ప్రపంచంలో ఒకే చోట ఇంత పెద్ద మొత్తంలో ఉన్నది ఇక్కడే. సముద్రం అడుగున అగ్నిపర్వతాల నుంచి వచ్చిన పదార్థంతో పేరుకున్న పొర అని జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. గనిలోకి పోలేదు. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర పడి ఉన్న బూడిద రంగు రాయి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. పిడికిలంత రాయి. మణికట్టు ఒక్కసారిగా కిందికి వాలింది. మామూలు రాయి బరువు అదే పరిమాణం నీటికి రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ ఉంటే, దీనిది నాలుగున్నర రెట్లు. ఆ బరువు కోసమే దీన్ని పొడి చేసి చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు. లోపలి నుంచి తన్నుకొచ్చే గ్యాస్‌ను అది అణిచిపెడుతుంది. ఇంటి ముందు ముగ్గు వేసే పొడి, గల్ఫ్ ఎడారిలో చమురు బావి, సముద్రం అడుగున అగ్నిపర్వతం, మూడూ ఆ రాయిలోనే.

ఆరో రోజు: తిరుమల

తిరుపతిలో కపిలతీర్థం దగ్గర నిలబడి కొండ వైపు చూస్తే కనిపించేది మొక్కేవాళ్లందరికీ తెలిసిన కొండే. మావాడు చెప్పాక నేను దాన్ని ఇంకోలా చూశాను. కింది సగం వాలుగా, చెట్లతో ఉంది. పై సగం నిట్టనిలువు గోడ. ఆ రెండూ కలిసే చోట గీత గీసినట్టు ఒక హద్దు కొండ పొడవునా పోతుంది. కిందది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పైది నగరి క్వార్ట్‌జైట్. రెండింటి మధ్య తేడా సుమారు 80 కోట్ల ఏళ్లు. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ, అంటే రెండు రాళ్ల మధ్య కాలం తెగిపోయిన హద్దు, అనే పేరుతో ఇదీ జాతీయ భూవైజ్ఞానిక స్మారకమే.

ఆ 80 కోట్ల ఏళ్లలో ఏం జరిగిందో చెప్పే రాయి ఇక్కడ లేదు. గ్రానైట్ పైకి లేచి, వానకూ గాలికీ అరిగి చదునైంది. అది అరిగిపోతున్నంత కాలం దాని మీద నిలిచేలా ఏదీ పేరుకోలేదు. తర్వాత సముద్రం వచ్చి ఇసుక పరిచింది. చేపలు పుట్టిన నాటి నుంచి నేటి దాకా గడిచిన కాలమంతా తీసుకెళ్లి ఆ గీతలో పెట్టినా, ఇంకా పాతిక కోట్ల ఏళ్లకు పైగా చోటు మిగులుతుంది.

బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కిటికీ పక్క కూర్చున్నాను. మలుపు మలుపుకూ రాయి దగ్గరగా వచ్చి పోతోంది. గ్రానైట్, గ్రానైట్, కాసేపు చెట్లు, ఆ తర్వాత పొరల రాయి. పక్క సీటులో ఒక అవ్వ గోవింద నామాలు చదువుకుంటోంది. సంకల్పంలో మనం శ్వేతవరాహ కల్పే అంటాం. పురాణాల లెక్కలో కల్పం అంటే 432 కోట్ల ఏళ్లు. శాస్త్రం చెప్పే భూమి వయసూ అదీ ఒకటేనని నేను వాదించను, అవి వేరు వేరు లెక్కలు. కానీ కోట్ల ఏళ్ల అంకె నోట పలకడం మన ఇళ్లలో కొత్త కాదు. ఆ అవ్వకు ఈ గీత గురించి చెబితే ఆశ్చర్యపోదని నాకనిపించింది.

తిరుమల ఆదిశేషుడి తల, అహోబిలం నడుము, శ్రీశైలం తోక అని పెద్దలు చెబుతారు. పటంలో చూస్తే ఆ మూడూ కడప బేసిన్ తూర్పు వైపు వంపు తిరిగిన కొండల వరసలోనే ఉన్నాయి. ఆ కొండలన్నీ ప్రీకేంబ్రియన్ రాళ్లే. విమానాలు, ఉపగ్రహాలు లేని కాలంలో నడిచి తిరిగినవాళ్లు ఆ వంపును ఒకే శరీరంగా గుర్తుపట్టారు. ఇది నాకు చాలా గొప్పగా తోచింది.

దర్శనం అయ్యాక శిలాతోరణం. సుమారు 25 అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న క్వార్ట్‌జైట్ వంపు. కింద మెత్తగా ఉన్న పొర అరిగిపోయి పైన గట్టి పొర నిలిచింది. చుట్టూ కంచె, తోట, బోర్డు, కాపలా. రోజూ వేలమంది చూసి ఫొటో దిగుతున్నారు, ఒక్క ముక్క పోలేదు. దేవుడి పక్కన ఉండటం దాని అదృష్టం. వేంపల్లె చేను గట్టు మీది గోపురాలకు అంత భాగ్యం లేదు. అవి ఈ తోరణం కన్నా పాతవి.

రాత్రి గదికి వచ్చాక ఇద్దరం కూర్చుని అర్జీ రాశాం. ఒకటి జిల్లా కలెక్టర్‌కు, ఒకటి జియలాజికల్ సర్వే హైదరాబాద్ కార్యాలయానికి. ఫొటోలు, మ్యాపు మీద గుర్తులు జతచేశాం. చేను మొత్తం కాపాడమని అడగలేదు. ఒక పది సెంట్లకు కంచె, తెలుగులో ఒక బోర్డు, రైతుకు పరిహారం, వేంపల్లె హైస్కూల్ పిల్లల్ని ఏడాదికి ఒకసారి అక్కడికి తీసుకెళ్లే ఏర్పాటు. బోర్డు మీద ఏం రాయాలో కూడా మావాడే రాసిచ్చాడు.